తువ్వాల కింద బీమా బేరం

ఆ బుధవారం పొద్దున పర్వతాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు బీమా పిల్లగాడు వస్తాడు. వాడు చూపించిన చోట సంతకం పెట్టాలి. పదకొండుకల్లా మందను తోలుకుని మూసీ కాలువ గట్టుకు పోవాలి. కోడలు నాగరాణి మహిళా సంఘం మీటింగుకు నకిరేకల్ బస్సెక్కబోతూ ఈ మాటనే గడపలో ఒకసారి, వాకిట్లో ఒకసారి, గేటు దాకా పోయి వెనక్కి తిరిగి మరోసారి చెప్పింది. "మామా, అడిగిందానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పు. అడగంది చెప్పకు. మూడింటికల్ల నేనొస్త," అంది. పర్వతాలు బుద్ధిమంతుడిలా తలూపాడు.

తలూపినంత తేలిగ్గా నోరు కట్టేసుకోగలిగిన మనిషి కాదాయన. యాభై తొమ్మిదేళ్ల వయసులో ముప్పై అయిదేళ్లు గొర్రెలు కాశాడు, అంతకంటే ముఖ్యంగా గొర్రెల అంగట్లో బేరాలు చేశాడు. కేతేపల్లిలో ఎవరు పొట్టేలు కొనాలన్నా పర్వతాలును వెంటబెట్టుకుని పోవాల్సిందే. అంగట్లో ధర నోటితో చెప్పుకోరు. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. పట్టిన వేళ్లెన్నో ధర అంత. నోటికి మాత్రం పైన వేరే పని ఉంటుంది. కొనేవాడు ఆ జీవానికి ఉన్న వంకలూ లేని వంకలూ ఏకరువు పెడుతుంటాడు, అమ్మేవాడు కొంచెం కొంచెంగా దిగుతుంటాడు. పర్వతాలు వంకలు చెప్పడం మొదలుపెడితే అమ్మేవాడికే తన పొట్టేలు మీద అనుమానం వచ్చేది. ఆయన ఈ విద్యలో ఓడిపోయాడని చెప్పిన వాళ్లు చుట్టుపక్కల లేరు.

ఆరోగ్య బీమా అనే మాట ఆ ఇంట్లో అడుగుపెట్టడానికి కారణం ఆయన భార్య గుర్వమ్మ తమ్ముడు. పోయిన ఎండాకాలం అతనికి గుండెలో నొప్పి వచ్చింది. హైదరాబాదులో పెద్ద దవాఖానలో వారం రోజులుంచి మనిషినైతే బతికించారు గానీ, అతని డెబ్బై గొర్రెలూ ఒకే పూటలో లారీ ఎక్కాయి. ఇప్పుడతను వేరేవాళ్ల మందను జీతానికి కాస్తున్నాడు. లారీ వెనక తలుపు మూసిన రోజున పర్వతాలు అక్కడే ఉన్నాడు. అంత పేరున్న బేరగాడూ ఆ రోజు ధరను ఒక్క వేలు పైకి లేపలేకపోయాడు, ఎందుకంటే అవసరం ఎవరిదో అంగడంతటికీ తెలుసు. తన అరవై రెండు గొర్రెలకు ఆ గతి పట్టకూడదని ఆయన అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. కొడుకు పరమేష్ పాత కారు కొన్నాక తెల్లకార్డు పోయింది, దాంతో సర్కారు ఉచిత వైద్యమూ పోయింది కాబట్టి, ఇక ప్రైవేటు బీమానే దిక్కని నాగరాణి తేల్చింది.

మూడు వారాల పాటు ఆమె ఫోనులో వెతికి, పదిమందిని అడిగి, తెలుసుకున్నదాన్ని అన్నం దగ్గర మామకు విడమరిచి చెప్పింది. వయసును బట్టి ధర. ఎంత మొత్తానికి తీసుకుంటామనే దాన్ని బట్టి ధర. నలుగురూ ఒకే పాలసీలో ఉంటే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల వయసే లెక్కకు వస్తుంది. ఇంకో సంగతి, హైదరాబాదు చిరునామా పెడితే ఎక్కువ, కేతేపల్లి చిరునామా పెడితే తక్కువ. ఈ ఆఖరి సంగతి విన్నప్పటి నుంచీ పర్వతాలుకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. పట్నం వాడికన్నా తనకు చవగ్గా దొరికే వస్తువు ఈ లోకంలో ఒకటుందని ఊళ్లో కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. బుధవారం పొద్దున తలస్నానం చేసి, పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా తొడిగి, తువ్వాల భుజాన వేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

గోపీకృష్ణ సరిగ్గా పది గంటలకు వచ్చాడు. నల్లగొండ కుర్రాడు, బీమా కంపెనీలో చేరి రెండు నెలలు. ఇప్పటికి రెండు పాలసీలు చేశాడు, ఒకటి వాళ్లమ్మకు, ఇంకొకటి మేనమామకు. చుట్టరికం లేని మనిషికి బీమా చేయడం ఇదే మొదలు. చాయ్ తాగి, ఫోను తీసి, అయిదు లక్షల బీమాకు నలుగురికీ కలిపి ఏడాదికి నలభై ఆరు వేలని చెప్పాడు. పట్నంలో అయితే యాభై నాలుగు వేలు పడుతుందనీ, దీని మీద ఇదివరకు పన్ను ఉండేదనీ, ఇప్పుడదీ లేదనీ చెప్పాడు.

నాగరాణి చెప్పిన ధర కూడా అదే. అయితే చెప్పిన ధరకు కొనడం పర్వతాలు వంశంలో లేదు. నలభై ఆరు వేలంటే మూడు మంచి పొట్టేళ్లు. కోడలు మూడు గంటలకు తిరిగొచ్చేసరికి ముప్పై వేలకు తెగ్గొట్టి ఆమె ముందు పెడితే ఎలా ఉంటుందన్న ఊహ తటాలున ఆయన బుర్రలో మెరిసింది. ఇక ఆగలేదు. భుజం మీది తువ్వాల తీసి గోపీకృష్ణ కుడిచేతి మీద కప్పాడు, తన చేయి లోపలికి పోనిచ్చి అతని మూడు వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

గోపీకృష్ణకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ట్రైనింగులో కస్టమరు కోప్పడితే ఏం చేయాలో చెప్పారు గానీ, తువ్వాల కప్పి చేయి పట్టుకుంటే ఏం చేయాలో చెప్పలేదు. పెద్దాయన ప్రేమ కొద్దీ చేస్తున్నాడేమోనని కాసేపు కదలకుండా కూర్చున్నాడు. పట్టు బిగుస్తున్నకొద్దీ కంగారు పుట్టి, మర్యాద చెడకుండా చేయి విడిపించుకోవాలని వేళ్లు అయిదూ బార్లా చాపి పెద్దాయన చేతిలోకి నెట్టాడు. పర్వతాలు ఉలిక్కిపడ్డాడు. అయిదు వేళ్లంటే యాభై వేలు. నలభై ఆరు చెప్పినవాడు దిగాల్సింది పోయి నాలుగు వేలు ఎక్కాడు. చూడటానికి పాలు కారే మొహం, బేరంలో మాత్రం ఆరితేరిన ఘటం అనుకున్నాడు. అటువంటివాడు తగిలి చాలా రోజులైంది. ఆయనకు హుషారు పుట్టుకొచ్చింది.

వంకలు మొదలుపెట్టాడు. మొదట కంటబడింది గుర్వమ్మ. "బిడ్డా, గామెను జూసి గంత ధర చెప్తున్నవా? మోకాళ్లు అరిగినయ్. నాలుగడుగులేస్తే ఆయాసం. షుగరున్నది, బీపీ ఉన్నది. పండ్లు సుత నాలుగూడినయ్," అన్నాడు. ఆ సమయానికి గుర్వమ్మ రెండు గొర్రెపిల్లల్ని చెరో చంకలో పెట్టుకుని దొడ్డి గోడ దాటుతోంది. గోపీకృష్ణ ఆమె వైపు జాలిగా చూశాడు. ఏ జబ్బూ దాచకూడదు, చెప్పిన ప్రతిదీ రాయాలి అని ట్రైనింగులో వందసార్లు చెప్పారు. అతను ఒక్కొక్కటే ఫోనులో నొక్కాడు. ధర యాభై ఎనిమిది వేలకు పోయింది.

గోపీకృష్ణ నిజాయితీ గల పిల్లవాడు. "బాపూ, ఇవన్నీ ఉన్నయని రాస్తే ధర పెరుగుతది," అని చెప్పాడు కూడా. పర్వతాలు మీసాల్లో నవ్వుకున్నాడు. అంగట్లో కుంటి గొర్రెను చూపించినా అమ్మేవాడు అది మంచి జాతి లక్షణమేనని దబాయిస్తాడు. ఆ దబాయింపుకు వెనక్కి తగ్గినవాడు మోసపోయినట్టే. కాబట్టి ఆయన ఇంకో మెట్టు ఎక్కి కొడుకును అందుకున్నాడు. పరమేష్ మందుల కంపెనీలో షిఫ్టు చేసే మనిషి, పండగనాడు కల్లు కూడా ముట్టడు. తండ్రి నోట అతను రోజూ తాగేవాడయ్యాడు, పుట్టినప్పటి నుంచీ ఊపిరితిత్తుల బలం లేనివాడయ్యాడు. ధర అరవై ఏడు వేలయింది.

కోడలి దగ్గరికి వచ్చేసరికి పర్వతాలుకు మనసొప్పలేదు. పరాయి ఇంటి పిల్ల, పైగా ఆ ఇంట్లో ఆయన మాట ఓపిగ్గా వినేది ఆమె ఒక్కతే. అయినా అరవై ఏడు వేలనే అంకె ఎదురుగా నిలబడి వెక్కిరిస్తుంటే ఊరుకోవడం ఎలా. అప్పుడప్పుడు తల తిరిగి పడిపోతదన్నాడు. ఎంత సేపు పడిపోతదని గోపీకృష్ణ ఆందోళనగా అడిగాడు. చానా సేపు అన్నాడు పర్వతాలు. గోపీకృష్ణ కళ్లు తడి చేసుకుని మూర్ఛ అని రాశాడు. ధర ఎనభై ఒక్క వేల దగ్గర ఆగింది.

"మరి నీకేమున్నయ్ బాపూ?" అని అడిగాడు గోపీకృష్ణ.

బేరం న్యాయం ప్రకారం చూస్తే ఇక్కడ తన వంకలు కూడా చెప్పుకోవాలి. పర్వతాలు ఒక్క క్షణం ప్రయత్నించాడు కూడా. కానీ తన మీద తనకు చెప్పదగ్గ వంక ఒక్కటీ దొరకలేదు. "నాకేముంటది. రాయసొంటోణ్ణి. ఇరవై ఏండ్ల సంది దవాఖాన మొహం చూడలే. బీడీలు రోజుకొక కట్ట తాగుత, ఏమన్న అయిందా?" అని ఛాతీ మీద చరుచుకున్నాడు. ఇంతటి జబ్బు మనుషుల మధ్య ఒక్కడే నిలబడి సంసారం లాగుతున్న పెద్దాయనను చూసి గోపీకృష్ణకు ఎక్కడలేని గౌరవం కలిగింది. ఇప్పుడే డబ్బు కట్టొద్దు, ముందు కంపెనీ వాళ్లే అందరికీ నల్లగొండలో పరీక్షలు చేయిస్తారని చెప్పి, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పించుకుని, కాగితాలు పంపించి, దండం పెట్టి లేచాడు. బేరం సగంలో లేచిపోవడం కూడా బేరంలో భాగమే. రెండు రోజుల్లో దిగివస్తాడని పర్వతాలు ధీమాగా మందను తోలుకుపోయాడు.

ఆయన అటు పోగానే సంగతి ఇటు పాకింది. వీధి మలుపులో గోపీకృష్ణకు ఆశా వర్కరు హనుమమ్మ ఎదురైంది. అతను బండి ఆపి, ఆ ఇంటి జబ్బులన్నీ ఏకరువు పెట్టి, ఇంత కష్టంలో ఉన్న ఇంటిని ఎవరూ పట్టించుకోకపోతే ఎట్లా అక్కా అని మెత్తగానే మందలించాడు. హనుమమ్మకు చెమటలు పట్టాయి. ఆమె రిజిస్టరులో ఆ ఇంటి నలుగురికీ ఏ జబ్బూ లేదని రాసి ఉంది. పైనుంచి ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలి. ఆమె రిజిస్టరూ బీపీ మిషనూ పట్టుకుని పరుగున బయల్దేరింది. పరుగులోనే నాగరాణి తల్లి గోవిందమ్మకు ఫోను చేసింది. ఇద్దరిదీ ఒకే పుట్టింటి ఊరు, ఇటువంటి మాట దాచిపెడితే రేపు మాట వస్తుందని ఆమె భయం.

గోవిందమ్మ ఉండేది కట్టంగూర్‌లో. కూతురికి మూర్ఛ అన్న మాట చెవిన పడగానే ఆమె నాగరాణికి ఫోను చేసింది. మీటింగులో ఫోన్లు బందు. అల్లుడికి చేసింది. డ్యూటీలో ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. రెండు ఫోన్లూ పలకకపోయేసరికి కూతురు ఎక్కడో పడిపోయి ఉంటుందనీ, అల్లుడు తాగి పడి ఉంటాడనీ ఆమెకు నిశ్చయమైపోయింది. రెండు బ్రెడ్డు పాకెట్లు, డజను అరటిపండ్లు కొని ఆటో మాట్లాడుకుని, దారి పొడుగునా ఆటో అతనికి ఇంటి కథ చెప్పుకుంటూ ఏడ్చింది. ఆ ఆటో అతను హైవే మీద హోటల్లో చాయ్ తాగుతూ, గొర్రెల దళారి రామచంద్రానికి అదే కథ చెప్పాడు. రామచంద్రం ఏడవలేదు. ట్రాలీ బండికి కబురు పెట్టాడు.

మధ్యాహ్నం రెండున్నరకు మందకు నీళ్లు పట్టించి, దాన్ని వాకిలి పక్క దొడ్డికి తోలుకొచ్చి, ఒక ముద్ద తిని పోదామని పర్వతాలు ఇల్లు చేరేసరికి వాకిలి నిండా మనుషులున్నారు. గోవిందమ్మ మంచం మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. హనుమమ్మ మూడోసారి గుర్వమ్మ చేతికి బీపీ పట్టీ చుడుతోంది. రెండుసార్లూ బీపీ చక్కగా ఉందనే వచ్చింది, అందుకే ఆమెకు మిషను మీద అనుమానం. గుర్వమ్మ పట్టీ కట్టించుకుంటూనే మొగుడి వైపు తిరిగింది. "నాకు పండ్లూడినయని ఎవరికి చెప్పినవయ్యా?" అని నెమ్మదిగా అడిగింది. ఆమెకు ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి, అన్నీ ఆ ప్రశ్నలో కనిపించాయి. జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది. అన్నం గిన్నె కూడా లోపలే ఉంది.

ఇంతలో గోవిందమ్మ అందుకుంది. తన బిడ్డను నిక్షేపంగా పంపించాననీ, మూర్ఛ ఉంటే ఈ ఇంటికొచ్చినంకనే వచ్చి ఉంటుందనీ, ఇంత జరుగుతున్నా కన్నతల్లికి ఒక్క మాట చెప్పలేదనీ నిలదీసింది. అట్లాంటిదేమీ లేదు చెల్లే, బేరం కోసం అన్నానని పర్వతాలు సర్దిచెప్పబోయాడు. నా బిడ్డ మీద బేరమేందని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. ఏ మాట మాట్లాడితే ఏమవుతుందో తెలియక జీవితంలో మొదటిసారి పర్వతాలు నోరు మూసుకున్నాడు. అప్పుడే వాకిట్లో ట్రాలీ బండి ఆగింది.

రామచంద్రం దిగుతూనే పర్వతాలు చేయి పట్టుకుని ఓదార్చాడు. "ఇంట్ల అందరికీ బాగలేదంట గదన్నా. ఫికర్ చెయ్యకు. పైసలు తెచ్చిన, బండి తెచ్చిన. ఇయాల్నే ఎక్కించుకపోత," అన్నాడు. జవాబు వినకుండానే మందలోకి నడిచాడు. ఇది కుంటుతోందన్నాడు. అది ముసలిదన్నాడు. ఈ పొట్టేలు కళ్లల్లో పూత ఉంది, ఆ తల్లికి పాలు లేవు, మొత్తం మీద మందకు ఏదో దిష్టి తగిలినట్టుందన్నాడు. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క గొర్రెను వేలితో చూపించాడు. అవన్నీ పర్వతాలు తన చేతులతో పాలు పట్టించి పెంచుకున్నవి. పోయిన ఎండాకాలం బామ్మర్ది వాకిట్లో ఆగిన లారీ కళ్ల ముందు ఆగింది. ఏది జరగకూడదని బీమా కోసం ఇంత హైరానా పడ్డాడో, అది నడుచుకుంటూ ఇంటికే వచ్చింది.

"నా మంద అమ్మకానికి లేదు. చెయ్యి తియ్యి," అన్నాడు.

రామచంద్రం నొచ్చుకోలేదు. పొట్టేలు వీపు నిమురుతూ, వంక పెడితేనే ధర దిగుతదని నేర్పిందే నువ్వు గదన్నా అన్నాడు. ఎందుకో ఆ మాట పర్వతాలుకు బాగా తగిలింది. సరిగ్గా అప్పుడు నాగరాణి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఏడుస్తున్న తల్లినీ, బ్రెడ్డు పాకెట్లనూ, బీపీ మిషనునూ, మంద మధ్యలో నిలబడ్డ దళారినీ, మూసిన తలుపునూ వరసగా చూసింది. గోవిందమ్మ పరుగున వచ్చి ఆమెను పట్టుకుని తల నుంచి కాళ్ల దాకా తడిమింది. ఐదు నిమిషాల్లో తల్లీ, హనుమమ్మా, మామా కలిసి చెప్పిన కథను నాగరాణి విన్నది. విన్నాక మామను ఒకటే అడిగింది, చివరికి ఎంతకు రాసిండని. ఎనభై ఒకటి అన్నాడు పర్వతాలు. ఆమె చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూలబడింది.

కోపగించుకుంటుందేమోనని ఆయన ఎదురుచూశాడు. నాగరాణికి కోపం వచ్చింది గానీ, మామను తిట్టడం కన్నా మామకు లెక్క అర్థం చేయించడం ఆమెకు అలవాటు. మెల్లగా మొదలుపెట్టింది.

"మామా, నువ్వు జీతానికి ఇంకొకల మందను కాస్తే, ఏ మందకు ఎక్కువ అడుగుతవ్? మంచిదానికా, రోగమున్నదానికా?"

"రోగమున్నదానికే. చాకిరి ఎక్కువ గద."

"కంపెనోళ్లు గూడ గంతే. వాళ్లు మనల్ని కొంటలేరు మామా, కాస్తున్నరు."

పర్వతాలు ఆ మాటను రెండుసార్లు లోపల తిప్పి చూసుకున్నాడు. ముప్పై అయిదేళ్ల అంగడి జ్ఞానం మొత్తం ఒక్క వాక్యంతో తలకిందులైంది. తాను కొనేవాడి వైపు నిలబడ్డాననుకున్నాడు, నిజానికి మందలో నిలబడ్డాడు. తువ్వాల కింద ఆ పిల్లగాడు అయిదు వేళ్లు చాపింది యాభై వేలని కాదు, వదిలిపెట్టమని. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రామచంద్రాన్ని తానే బండి ఎక్కించి పంపాడు. గోవిందమ్మకు రెండు చేతులూ జోడించాడు. బిడ్డ నిలబడి మాట్లాడుతుండడం కళ్లారా చూసింది కాబట్టి ఆమె కరిగిపోయి, బ్రెడ్డు ముక్క ఒకటి ఆయన చేతిలోనే పెట్టింది. పొద్దుటి నుంచీ ఏమీ తినని పర్వతాలు అది తిన్నాడు. గుర్వమ్మ మాత్రం తలుపు తీసినా నోరు తీయలేదు.

గోపీకృష్ణకు ఫోను చేస్తే, పంపిన కాగితం వెనక్కి రాదనీ, పరీక్షల్లో ఏం తేలితే అదే లెక్కనీ చెప్పాడు. ఆ మాటతో ఇంట్లో మళ్లీ ప్రాణం లేచొచ్చింది. శనివారం తెల్లారగానే పరగడుపున నలుగురూ పాత కారులో నల్లగొండకు జాతరకు పోయినంత హడావిడిగా బయల్దేరారు. ఇప్పుడు మర్మం తెలిసింది కాబట్టి పర్వతాలు దారి మార్చి పొగడ్తలు అందుకున్నాడు. రక్తం తీసే అమ్మాయికి తన భార్య రెండు బస్తాలు ఒంటిచేత్తో లేపుతుందని చెప్పాడు. ఎక్స్‌రే తీసే అతనికి తన కొడుకు ఊపిరి బిగబట్టి కాలువ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోతాడని చెప్పాడు. కోడలు తలకిందులుగా నిలబడ్డా తల తిరగదన్నాడు. వాళ్లు ఎవరి మాటా వినకుండా తమ పని తాము చేసుకుపోయారు.

చివర్లో గుండె పరీక్షకని నడిచే మిషను ఎక్కించారు. గుర్వమ్మను చెమట కారే దాకా నడిపించారు. పరమేష్‌నూ నాగరాణినీ ఇంకా ఎక్కువ నడిపించారు. పర్వతాలు పంచె ఎగ్గట్టి ఉత్సాహంగా ఎక్కితే రెండు నిమిషాలకే మిషను ఆపి, కాగితం చూసి, ఇక చాలు దిగమన్నారు. తిరుగు దారి పొడుగునా ఆయన అదే చెప్పాడు. "మీరందరు అంతంత సేపు నడవాల్సొచ్చె. నన్ను రెండు నిమిషాల్ల ఒప్పుకున్నరు. మంచి పొట్టేలును తోక చూసే గుర్తుపడతరు." గుర్వమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె మాట్లాడి అప్పటికి నాలుగో రోజు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం గోపీకృష్ణ వచ్చాడు. ఈసారి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, ఆయనకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. పరీక్షల సంగతి కంపెనీ డాక్టరమ్మ సుమనే స్వయంగా చెబుతుందని ఫోను కలిపి, అందరికీ వినబడేలా మంచం మీద పెట్టాడు. డాక్టరమ్మ గొంతు నెమ్మదిగా ఉంది. గుర్వమ్మకు షుగరు లేదు, బీపీ లేదు, మోకాళ్లు బాగున్నాయి. పరమేష్ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. నాగరాణికి ఏ జబ్బూ లేదు. వాకిట్లో సంబరం మొదలైంది. పర్వతాలు మీసం మీద చేయి వేసి, తన పేరు కోసం ఎదురు చూశాడు.

"పర్వతాలు గారిని ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది సుమన.

ఆయన షుగరు మూడు వందల నలభై ఉంది. గుండె పరీక్ష బాగా రాలేదు. రేపే దవాఖానలో చూపించి మందులు మొదలుపెట్టాలి, బీడీలు పూర్తిగా మానాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు, అప్పటిదాకా ఆయనకు పాలసీ ఇవ్వలేరు. ఆయన పేరు తీసేస్తే ఇంట్లో పెద్ద వయసు తగ్గుతుంది కాబట్టి మిగతా ముగ్గురికీ కలిపి ముప్పై ఒక్క వేలే పడుతుంది. రోజూ పది కిలోమీటర్లు మంద వెనక తిరుగుతానని పర్వతాలు చెప్పబోయాడు. తిరగండి, బీడీ లేకుండా తిరగండి అంది సుమన. డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

పర్వతాలుకు భయమేసింది. చావు భయం కాదు, మంద భయం. ఇంట్లో ఎవరికి జబ్బు చేసి గొర్రెలు లారీ ఎక్కుతాయోనని ఏడాదిగా ఆ ముగ్గురినీ అనుమానంగా చూశాడు. ఆ మనిషి తనే. "గుర్వీ, నాకేమన్నయితే మందను మాత్రం అమ్మకుండ్రి," అన్నాడు.

గుర్వమ్మ ఎనిమిది రోజుల తర్వాత నోరు తెరిచింది. "మంద పోతే మళ్ల కొనుక్కుంట. నిన్నేడ కొనాలె? ఏ అంగట్ల దొరుకుతవ్?" అంది. ఆమె కళ్లు నిండి ఉన్నాయి. కానీ చేతులు ఊరుకోలేదు. ఆయన చొక్కా జేబులోంచి బీడీ కట్ట లాగి పొయ్యిలో వేసింది, అగ్గిపెట్టె తన బొడ్లో దోపుకుంది. ఈ ఆరు నెలలు ఏం తినాలో ఎంత తినాలో తను చెప్తాననీ, మందతో తనూ వెంట వస్తాననీ, నడిచినంతా చూస్తాననీ చెప్పింది. "మందను నువ్వు కాయి. నిన్ను నేను కాస్త," అంది. పర్వతాలుకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంతమందిలో ఏడవలేక నవ్వాడు. బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

నాగరాణి ముప్పై ఒక్క వేలూ ఫోనులోనే కట్టేసింది. గోపీకృష్ణ తన జీవితంలో మొదటి పరాయి పాలసీకి పొంగిపోయి, జేబుల్లోంచి చేతులు తీసి అందరికీ దండం పెట్టాడు. అతని బండి మలుపు తిరిగిందో లేదో సర్కారు గొర్రెల బీమా కోసం పశువుల దవాఖాన మనిషి వచ్చి, గొర్రెలన్నిటికీ చెవులకు పసుపుపచ్చ బీమా బిళ్లలు తగిలించి, కాగితం మీద పర్వతాలు చేత సంతకం పెట్టించుకుని పోయాడు. పొద్దు గుంకేసరికి ఆ ఇంట్లో ముగ్గురు మనుషులకూ అరవై రెండు గొర్రెలకూ బీమా ఉంది, ఇంటి యజమానిది మాత్రం ఆరు నెలల తర్వాత చూస్తారట.